చిన్న చిత్రమునకు చోటేది?

తెలుగు చలనచిత్రమును గూర్చి, దానికిని మన సంస్కృతికిని గల సంబంధమును గూర్చి ఈ సంచికకొక వ్యాసము వ్రాసి యిమ్మని సంఘమువారు మమ్ము కోరిరి. ఇట్టి వ్యాసము ఎట్లుండవలెనో వారికిని తెలియును, మాకును తెలియును. భక్తప్రహ్లాదతో మొదలుపెట్టి, మహానటులను వరుసగా స్మరించి, ఘంటసాల కంఠమునకు నమస్కరించి, నేటి చిత్రములు చెడిపోయినవని ఒక నిట్టూర్పు విడిచి ముగించుట ఆచారమైనది. అట్టి వ్యాసములు మేమును వ్రాసితిమి. వానికి శాలువలు గూడ కప్పించుకొంటిమి. ఈమారు అట్లు వ్రాయబోము. ఈమారు మాకొక తగవున్నది. ఆ తగవు చిత్రనిర్మాతలతో కాదు, మన సంఘములతో.

ముందు మేమెవరమో చెప్పుకొనుట న్యాయము. మేము ఏ పత్రికాకార్యాలయమునందును జీతమునకు కుదిరినవారము కాము. చూచిన చిత్రములను గూర్చి వ్రాయుదుము. అచ్చువేయువారుండిన ఇత్తుము, లేకున్న బీరువాలో దాచుదుము. కడుపు నింపునది వేరొక ఉద్యోగము. బెంగుళూరులో అంతర్జాతీయ చలనచిత్రోత్సవము 2006లో మొదలైనది. నాటినుండి ఉత్సవపు దినములలో మాకు పెండ్లిపిలుపులును లేవు, పేరంటములును లేవు. ఉదయమే పెరుగన్నపు డబ్బా సంచిలో పెట్టుకొని వరుసలో నిలుచుందుము; రాత్రి చివరి బస్సులో ఇల్లు చేరుదుము; నడుమ నాలుగు దేశములు తిరిగి వత్తుము. "మేనకోడలి నిశ్చితార్థానికి రానివారు ఇరాను పిల్లవాడి కథకు పోయినారట" అని బంధువులు ఆడిపోసికొందురు. ఒక పత్రికవారు మా వ్యాసమును చదివి, "అంతా బాగున్నది గాని, ఎన్ని నక్షత్రాలు వేసినారు?" అని అడిగిరి. వేయలేదంటిమి. వ్యాసము అచ్చుకాలేదు. ఈ కష్టములు చెప్పుకొని జాలి సంపాదింపవలెనని కాదు. ఈ పిచ్చివలన మాకు లాభమేమియు లేదని తెలిసికొని, ఆపైన మా మాట వినుడని మాత్రమే మనవి.

కొంతకాలము క్రిందట ఒక తెలుగు సంఘమువారు ఉగాది సన్నాహసభకు మమ్ము పిలిచిరి. సాయంకాల కార్యక్రమమున ఒక చిత్రమును ప్రదర్శింపుడనియు, అది "సంస్కార" కావలెననియు మేము సూచించితిమి. సభలో మొదట నిశ్శబ్దము. పిమ్మట ఒక పెద్దలు, "అది కన్నడ సినిమా కదండీ!" అనిరి. మరియొకరు, "పాటలు లేవు" అనిరి. మూడవవారు చిత్రమును చూచినవారు, అందుచేత వారి అభ్యంతరము గట్టిది: "సంవత్సరాదినాడు శవాన్ని ఎదుట పెట్టుకొని కూర్చునే కథ ఏమిటండీ?" ఆర్కెస్ట్రా పెట్టుటకు తీర్మానమైనది.

ఆర్కెస్ట్రా బాగుగానే జరిగినది. మేమును తాళము వేసితిమి. కాని ఆనాడొక సంగతి మా కంటబడినది. పదేండ్ల బాలిక యొకతె వేదికనెక్కి, ఒక ప్రసిద్ధ చిత్రములోని వీరసంభాషణను ఒక్క తప్పు లేకుండ అప్పజెప్పినది. చప్పట్లు మ్రోగినవి. ఆమె దిగివచ్చునపుడు చేతిలోని కాగితమును చూచితిమి. తెలుగు మాటలు కన్నడ అక్షరములలో వ్రాసియున్నవి.

అందులో ఆ బిడ్డ తప్పేమియు లేదు. మన యిండ్లలో పెక్కింట ఇదే స్థితి. హోసూరున తమిళలిపి, బరంపురమున ఒడియాలిపి, షోలాపురమున మరాఠీలిపి; యానామువారి అదృష్టము వేరు. మనలను ప్రవాసులనుట మాకెన్నడును నచ్చదు. తాతముత్తాతలనాటి నుండి ఒక్క ఊరిలో కాపురమున్నవాడు ప్రవాసి యెట్లగును? కాని లిపి జారిపోయినమాట నిజము. చెవి మాత్రము మిగిలినది. ఆ చెవికి నేడు తెలుగు వినిపించు బడి సినిమా యొక్కటే. ఉన్నది ఒక్క బడియే ఐనపుడు అందేమి పాఠము చెప్పుచున్నారో పెద్దలు ఒకమారైనను తొంగిచూడవలదా?

ఇక "కన్నడ సినిమా కదా" అను మాటకు వత్తము. సంస్కార తీసినదెవరు? తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. నెల్లూరివారు. 1939లో "ఫిడేలు రాగాల డజన్" అచ్చువేసి, ఛందస్సు నడుములు విరుగగొట్టితినని చాటి పండితులకు నిద్రపట్టనీయని పఠాభి ఈయనయే. కె.వి. రెడ్డి దర్శకత్వమున 1958లో "పెళ్ళినాటి ప్రమాణాలు" వెలువరించిన జయంతి సంస్థలో భాగస్వామి. అట్టివారు బెంగుళూరున స్థిరపడి, యు.ఆర్. అనంతమూర్తి నవలను చేతబట్టి, గిరీశ్ కర్నాడ్, పి. లంకేశ్ వంటి రచయితలను నటులుగా నిలిపి, టామ్ కోవన్ అను ఆస్ట్రేలియా ఛాయాగ్రాహకుని వెంటబెట్టుకొని, శృంగేరి ప్రాంతపు పల్లెలో 1970లో ఈ చిత్రమును తీసిరి. చంద్రి పాత్రను ధరించినది ఆయన సహధర్మచారిణి స్నేహలత. ఆమె అత్యవసర పరిస్థితి కాలమున బెంగుళూరు కారాగారమున నిర్బంధింపబడి, విడుదలైన కొలది దినములకే 1977 జనవరిలో కన్నుమూసిరి.

మదరాసులోని సెన్సారువారు చిత్రమునకు మొదట అనుమతి నిరాకరించిరి. కేంద్రప్రభుత్వము కలుగజేసికొనిన పిమ్మట అది వెలుగు చూచినది. 1970వ సంవత్సరపు ఉత్తమ భారతీయ చిత్రముగా రాష్ట్రపతి స్వర్ణపతకమును పొందినది. ఆ గౌరవము కన్నడమునకు అదియే మొదటిది. కన్నడిగులు తమ నవ్యచిత్రోద్యమ చరిత్రను నేటికిని ఈ చిత్రముతోనే ఆరంభింతురు. తీసినవాని మాతృభాష ఏదని వారు అడుగలేదు. 2006లో బెంగుళూరుననే పట్టాభి కాలధర్మము చెందిరి. మనము ఆయనను కవిత్వచరిత్రలో ఒక పుటకు అప్పగించి చేతులు కడుగుకొంటిమి. కన్నడదేశమున స్థిరపడిన తెలుగువారు ఇది మాది అని గుండెపై చేయివేసి చెప్పదగిన చిత్రము దీనికంటె వేరొకటి యుండిన, పెద్దలు మాకు చూపవలెను.

శవము మాట గూడ తేల్చుకొందము. నారణప్ప చనిపోయినాడు. బ్రదికినన్నాళ్ళు ఆచారమును ధిక్కరించినవాడు. అతనికి సంస్కారము చేయవలసినదెవరు? శవము లేవనిదే అగ్రహారమున ఎవరును ముద్ద ముట్టరాదు. ప్రాణేశాచార్యులు తాళపత్రములు తిరుగవేయుచున్నారు, శాస్త్రము పలుకదు. ఊరిలో ఎలుకలు చచ్చుచున్నవి, ప్లేగు వచ్చుచున్నది, బ్రాహ్మణులకు ఆకలి వేయుచున్నది. ఆకలిలోనే చంద్రి నగలపై కన్నును పడుచున్నది. ఈ చిత్రము మెల్లగా నడచునని ఫిర్యాదు. నడచును. పీనుగు లేవని యింట పొద్దు ఎట్లు నడచునో అట్లే నడచును. ఆ నిరీక్షణ మనము కూర్చున్న కుర్చీలోనికి రావలెనన్న కత్తెర తొందరపడరాదు. పది క్షణములకొక దెబ్బ, నిమిషమునకొక కేక అలవాటైన కంటికి ఇది కష్టమే. ఐనను కన్ను అలవాటు పడును. వీరేశలింగముగారి ఊరివారము, గురజాడవారి భాషవారము, ఈ కథను అశుభమని త్రోసివేసితిమా?

ఉత్సవచిత్రములనునవి పరదేశపు మోజనియు, గడ్డములు పెంచినవారి వేషమనియు మరియొక వాదము. ఈ వాదము చేయువారికి 1952 సంగతి జ్ఞాపకము చేయుదుము. ఆ సంవత్సరము జనవరి 24వ తేదీన బొంబాయిలో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము ఆరంభమై, తరువాత మదరాసునకు, ఢిల్లీకి, కలకత్తాకు తరలినది. నాడు తెలుగు చిత్రసీమ కాపురము మదరాసులోనే. అనగా ప్రపంచపు చిత్రములు మన గడపలోనికే నడచివచ్చినవి. వానిలో ఇటలీవాడు డిసీకా 1948లో తీసిన "బైసికిల్ థీవ్స్" ఒకటి. గోడలకు ప్రకటనలంటించు కూలివాని సైకిలు పోవును. అది లేనిదే పని లేదు. కొడుకు వ్రేలు పట్టుకొని రోమునగరమంతయు వెదకును. అంతే కథ. ఆ తండ్రి వేషము వేసినవాడు నటుడు కాడు, కర్మాగారమున పనిచేయువాడు. మరుసటి సంవత్సరము వచ్చిన బిమల్ రాయ్ "దో బీఘా జమీన్" ఈ చిత్రపు ప్రేరణను పొందినదని అందరును ఎరిగినదే.

ఇంతకంటె మాకు ముచ్చటైన సంగతి, ఆ ఉత్సవమున మన "పాతాళభైరవి" గూడ నున్నది. తోటరాముడును, సైకిలు పోగొట్టుకొన్న ఆ ఇటలీ కూలివాడును ఒక్క పందిరి క్రింద కూర్చుండిరి. ఒకరిని చూచి ఒకరు ముఖము త్రిప్పుకొనలేదు. జనము మెచ్చిన చిత్రమునకును ఉత్సవచిత్రమునకును పుట్టుకనుండి వైరమున్నదని చెప్పువారు ఈ చరిత్రను ఎరుగరు. మాకు పాతాళభైరవియన్న నేటికిని ప్రాణమే. రాజ్యము గెలిచిన తోటరాముని చూచి ఈలవేసినవారమే సైకిలు దొరకని కూలివానికొరకు కంట తడిపెట్టగూడదా?

"మనవాళ్ళకు అర్థం కావండీ" అనునది అన్నిటికంటె అన్యాయమైన మాట. దీనికి మా యింటి సాక్ష్యమే చెప్పుదుము. వృద్ధురాలైన మా తల్లిగారిని ఒకమారు ఒక చిన్న ప్రదర్శనకు తీసికొనిపోతిమి. చిత్రము అబ్బాస్ కియరోస్తమీ 1987లో తీసిన "స్నేహితుని ఇల్లెక్కడ?" అను ఇరాను చిత్రము. మాటలు పారసీకము, క్రింద అక్షరములు ఆంగ్లము. మా తల్లిగారికి రెండును రావు. అహ్మద్ అను పిల్లవాడు పొరపాటున తోటివాని నోటుపుస్తకమును సంచిలో పెట్టుకొని ఇంటికి వచ్చును. ఇంటిపని పుస్తకములో వ్రాసికొని రాకున్న ఆ తోటివానిని బడినుండి వెళ్ళగొట్టెదనని పంతులు అప్పుడే బెదరించియున్నాడు. పుస్తకమిచ్చి వత్తునని తల్లితో చెప్పిన, ఆమె ఉయ్యాలలోని పాపను చూడుమనును, నీళ్ళు తెమ్మనును. వాడు కన్నుగప్పి కొండ యెక్కి ప్రక్కయూరికి పరుగెత్తును. ఇల్లు దొరకదు. తిరిగివచ్చిన తాత సిగరెట్లు తెమ్మని పంపును, సిగరెట్లు లేక కాదు, పిల్లలకు భయభక్తులు నేర్పుటకు.

మేము మొదట మా తల్లిగారి చెవిలో అర్థము చెప్పుచుంటిమి. కొంతసేపటికి ఆమె మా చేయి నొక్కి, "నువ్వు ఊరుకోరా, నాకు తెలుస్తూనే ఉంది" అనిరి. తాత వచ్చినపుడు, "అచ్చం మా మామగారే" అనిరి. వాడు రెండవమారు కొండయెక్కునపుడు, "ఆ బిడ్డ చెప్పేది ఒక్కరూ వినరేమిరా?" అని పైకే అనగా ముందు వరుసవారు వెనుదిరిగి చూచిరి. తుదకు ఇల్లు దొరకక, వాడే రాత్రి కూర్చుండి స్నేహితుని ఇంటిపని గూడ వ్రాసి, మరునాడు బడిలో పంతులు దిద్దువేళకు అందించును. పంతులు పుట త్రిప్పగా అందులో ఒక పువ్వు. ఆ పువ్వును గూర్చి వారమునాళ్ళు మా యింట మాటలాడిరి. ఇట్టి ప్రేక్షకురాలికి "అర్థం కాదు" అని నిర్ణయించుటకు కార్యవర్గమువారికి అధికారమెవరిచ్చిరి?

తెలుగున ఇట్టి చిత్రములే లేవా? ఉన్నవి. కొన్నింటిని పరాయివారు వచ్చి తీసిపెట్టిరి. ప్రేమ్‌చంద్ కథను ఆధారముగా గొని 1977లో "ఒక ఊరి కథ" తీసిన మృణాళ్ సేన్ వంగీయుడు. తెలంగాణ రైతాంగ పోరాటమును తెరకెక్కించిన "మా భూమి" 1980లో ప్రేక్షకులకందినది. దర్శకుడు గౌతమ్ ఘోష్, అతడును వంగీయుడే, అతనికదియే మొదటి కథాచిత్రము. తెలుగు రాని వారికి తెలుగుపల్లె ముఖము కనబడినది. దానిచుట్టు సంవత్సరమునకు వందల కొలది రీళ్ళు త్రిప్పిన మనవారికి పల్లె యనగా పైరుపచ్చ మీద యుగళగీతము. మా భూమి నిర్మాతలలో ఒకరైన బి. నర్సింగరావు పిమ్మట తామే దర్శకులై, 1988లో "దాసి" తీసిరి. గడీలోని దాసి బ్రదుకు అది; నటి అర్చనకు ఉత్తమనటి పురస్కారముతో కూడ అయిదు జాతీయపురస్కారములు వచ్చినవి. ఆ చిత్రమున మాటలెంత తక్కువ! ఊడ్చు చప్పుడు, గిన్నెల చప్పుడు, పిలుపు వినబడగానే లేచు పాదములు. వీరసంభాషణలను వల్లెవేయు మన పిల్లలకు ఈ మౌనము గూడ తెలుగేయని ఎవరు చెప్పుదురు?

కె.ఎన్.టి. శాస్త్రిగారి పేరు వేరుగా చెప్పవలెను. ఆయన మొదట మావలె విమర్శకులు. ఇతరుల చిత్రములను గూర్చి ఏండ్ల తరబడి వ్రాసి వ్రాసి, తుదకు తామే తీసిన "తిలాదానం" తొలిచిత్రమునకిచ్చు ఇందిరాగాంధీ జాతీయపురస్కారమును గెలిచినది. 2002లో కొరియాదేశపు బుసాన్ ఉత్సవమున ప్రదర్శింపబడినది. 2018లో ఆయన పోయినారు. ఆనాడు మేమొక నివాళి వ్యాసము వ్రాసి యొకచోటికి పంపగా, "ఈయన ఎవరండీ?" అని తిరుగు ప్రశ్న వచ్చినది. మా కోపమునకు మూలములలో ఇదియు నొకటియని దాచుకొనము.

ప్రక్కనున్న మలయాళదేశమును చూడుడు. 1965లో అడూర్ గోపాలకృష్ణన్ మిత్రులతో కలిసి తిరువనంతపురమున చిత్రలేఖ ఫిలిం సొసైటీని స్థాపించెను. జాన్ అబ్రహాము తన సహచరులతో ఊరూర చిత్రములు చూపి, జనము వేసిన చందాలతో 1986లో "అమ్మ అరియాన్" తీసెను. 1996లో మొదలైన కేరళ ఉత్సవమునకు నేడు విద్యార్థులును, ఆటో నడుపువారును వరుసలు కట్టుదురు. వారికి మనకంటె ధనమెక్కువయై కాదు. ముందు చూచుటకు పదిమంది కూడిరి.

ఇంతవరకు గడచినదానిని గూర్చి తగవాడితిమి. అసలు బాధ ఇప్పటిది. మన పిల్లలు సెలవులకు హైదరాబాదు పోయిన, "మీ తెలుగు అదోలా ఉందే" అని బంధువులు నవ్వుదురు. కన్నడమో, తమిళమో, ఒడియాయో కలిసిన మన పలుకు వారికి హాస్యము. పెద్దచిత్రములలో ఇట్టి పలుకు వినబడిన, అది వంటవానికో, విదూషకునికో పెట్టినదై యుండును. పిల్ల ఇంటికి వచ్చి తెలుగు మాటలాడుట మానివేయును. లిపి పోయిన వెనుక మిగిలిన చెవియు ఇట్లు పోవుచున్నది. ఈ సమయమున 2021లో "సినిమా బండి" వచ్చినది. ఆంధ్రకును కర్ణాటకమునకును సరిహద్దున నున్న పల్లెలో ఆటో నడుపువానికి ఎవరో మరచిపోయిన కెమెరా దొరకును. ఊరివారందరు కూడి సినిమా తీయ సంకల్పింతురు. దానిలోని పలుకు మా పెదనాన్నల పలుకు, మా వీధి పలుకు. నవ్వించినది, కాని ఆ పలుకును చూచి నవ్వలేదు. అట్లే 2018లో "కేరాఫ్ కంచరపాలెం" విశాఖపట్టణపు ఒక పేటవారినే నటులుగా నిలిపి, వారి మాటనే మాటగా పెట్టినది. చిన్న ఊరి చిన్న యాసకు గౌరవమిచ్చు చోటు ఈ చిన్నచిత్రములలోనే యున్నది. చిన్న యాసవారమైన మనమే వానికి తలుపు మూసిన, ఇక వానినెవరు పిలుతురు?

"అవన్నీ ఇప్పుడు ఫోనులోనే ఉన్నాయి కదా, ఎవరికి కావలసినది వారు చూసుకుంటారు" అని ఇటీవల ఒక మిత్రులు మాకు బోధించిరి. కొన్ని ఉన్నవి, నేడుండి రేపు మాయమగునవియు నున్నవి. ఐనను ఉన్నంత మాత్రమున చూచుట కలుగదు. త్యాగరాజకృతులును ఫోనులో నున్నవి. మరి ఆరాధనోత్సవమేల చేయుచున్నాము? సినిమా బండి నేరుగా ఇంటితెరకే వచ్చినది. నాడు రోగభయముచే హాళ్ళు మూసియుండెను, అది వేరు సంగతి. దానిని మా వీధిలో ఎందరు చూచిరని విచారించితిమి. ఇద్దరు. అందులో ఒకరు మేము.

మా తెగవారి దోషమును గూడ ఒప్పుకొందుము. మేము వ్రాయునది మాకే అర్థమగునట్లు వ్రాయుదుము. పరదేశపు పేర్లు పది వరుసగా పేర్చి, దినమునకు అయిదు చిత్రములు చూచితిమని గొప్పలు చెప్పుకొందుము. నిద్రపుచ్చు చిత్రమును గూడ ఉత్సవమున చూచితిమను గర్వముచేత మెచ్చుకొనిన సందర్భములు మాకున్నవి. ఉత్సవమునకు పోయిన ప్రతిచిత్రమును మంచిదని మేమనము. దినమునకు నాలుగు చూచిన ఒకటి నిలుచును, అంతే. ఐనను ఆ యొకటి కొరకు పెరుగన్నపు డబ్బా మోయవచ్చును.

మేము కోరునది ఆర్కెస్ట్రాను మానుడని కాదు. తారలను పిలువవలదని కాదు. నెలకొక సాయంకాలము హాలులో దీపములార్పుడు. ఏడాదికొకమారు వచ్చు నటుని విమానపు ఖర్చులో కొంత మిగిల్చి, చిత్రపు హక్కుదారులకు ధర్మముగా రుసుము చెల్లించుడు. ఉత్సవములలో చిత్రముల క్రింద ఆంగ్లాక్షరములే యుండును; తెలుగు మాటలను సిద్ధపరచు పనిని మన సంఘములే పూనవచ్చును. లిపి రాని పిల్లలకొరకు, కన్ను ఆనని ముసలివారికొరకు ప్రక్కన నిలిచి చదివి చెప్పువారిని నియమింపవచ్చును. వెనుక తరములో తోలుబొమ్మలాటకు వెలుగు చూపువాడొకడు, కథ చెప్పువాడొకడు ఉండెడివారు కదా. మొదటి చిత్రము సంస్కార. ఉగాదికి వలదన్న, ఉగాది మరునాడు.

దాని సంభాషణలలో సగమునకు మేము తెలుగు చేసి యుంచితిమి. మిగిలినది రెండు వారములలో పూర్తియగును. ప్రొజెక్టరు మా యింట నున్నది, తెరగుడ్డ మా యింట నున్నది. మోసికొని వచ్చుటకు మా మేనల్లుడు ఒప్పుకొన్నాడు. హక్కుదారుల అనుమతి కొరకు ఉత్తరము వ్రాయుటకు సంఘపు ముద్ర కావలెను. ఏ ఆదివారమో కార్యదర్శిగారు తెలియజేయవలెను.